పాప పొట్ట మీద మచ్చలు

పొద్దున్నే స్నానాల గదికి లోపలి నుంచి గడియ పడింది. బయట తువ్వాలు పట్టుకుని నిలబడింది రవళి. లోపల ఆమె నెల పిల్ల ఏడుస్తోంది. అత్తగారు ఛాయాదేవి కాళ్ళు చాపుకుని, వాటి మీద మనవరాలిని పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది.

"తలుపు తీయండత్తయ్యా, నేనూ చూసి నేర్చుకుంటాను."

"గాలి కొడుతుంది. పచ్చి బాలింతవి, వెళ్ళి పడుకో."

పాప పొట్ట మీద ఎర్రటి గుండ్రటి మచ్చలు లేచి వారం దాటింది. అవి ఛాతీ మీదికి పాకుతున్నాయి. రవళి తిన్న వంకాయ కూరే పాలల్లో దిగిందని తేల్చేసింది ఛాయాదేవి. అప్పట్నుంచి రవళికి కారప్పొడి అన్నమే. పాలిచ్చే వేళకు తప్ప పిల్లను ఆమె చేతికివ్వడం లేదు. అమీర్‌పేటలోని ఆ ఫ్లాట్‌లో కిటికీ తెరిస్తే ఎదురుగా కంప్యూటర్ కోర్సుల బోర్డులే, ఆకాశం కనపడదు. భర్త కేదార్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అడిగితే, "అమ్మకి తెలీదా రవళీ? ఈ వారం రిలీజుంది" అంటాడు. తప్పు తనదేనేమోనని ఆమెకే అనిపించసాగింది.

ఆ సాయంత్రం పాప బుగ్గ మీద కూడా మచ్చ కనపడింది. ఇక రవళి ఆగలేదు. పాలకని చేతికిచ్చిన పిల్లను తీసుకుని, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి, పంజగుట్టలో డాక్టర్ ఉమైరా దగ్గరికి వెళ్ళింది.

"ఇది తామరమ్మా," అంది డాక్టర్. "మీ తిండికీ దీనికీ సంబంధం లేదు. ఎవరి ఒంటిమీదనో ఉంటది, తాకితే అంటుకుంటది. మందు రాస్తే పోతది, ఫికర్ చెయ్యకండి. కానీ ఇంట్లో అందరికీ చూడాలె, లేకుంటే మళ్ళా వస్తది."

ఇంటికొచ్చేసరికి కేదార్ కూడా వచ్చి ఉన్నాడు.

"చెప్పకుండా ఎక్కడికెళ్ళావు?" గుమ్మంలోనే ఆపి అడిగింది ఛాయాదేవి.

రవళి డాక్టర్ మాట చెప్పింది. "నాకు చూశారు, లేదు. ఇక ఆయనకీ, మీకూ చూడాలట."

"నాకేం రోగం? నీ తప్పు నా మీద రుద్దుతావా?"

"రవళీ, అమ్మతో అలాగేనా మాట్లాడేది?" అన్నాడు కేదార్.

"నేనూ అమ్మనేనండీ. రేపట్నుంచి దానికి నీళ్ళు నేనే పోస్తాను. లేదంటే అత్తయ్యని తలుపు తెరిచి పోయమనండి."

ఛాయాదేవి మంచం అంచున కూలబడి, చీర మోకాళ్ళ దాకా పైకి లాగింది. రెండు కాళ్ళ మీదా అరచేతంత తామర మచ్చలు, గోకిన రక్తపు చారలు.

"మీ నాన్న పోయినప్పట్నుంచీ ఉందిరా. కొడుకుతో చెప్పుకునే మాటా ఇది? షాపులో కొన్న ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. పాపకి మచ్చ లేచిన రోజే అది నా నుంచేనని తెలిసింది రవళీ. చెబితే దాన్ని నా ఒళ్ళోంచి తీసేసుకుంటారని భయం. అది లేకపోతే ఈ నాలుగు గోడల మధ్య నాకు పొద్దెలా పోతుంది?"

కేదార్ తల దించుకున్నాడు.

"నన్నెన్ని మాటలన్నారత్తయ్యా," అని రవళి ఏడ్చేసింది. ఛాయాదేవి చేతులు జోడించబోయింది. రవళి ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

మర్నాడు కేదార్ సెలవు పెట్టాడు. అందరూ పంజగుట్ట వెళ్ళారు. అత్తగారి కాళ్ళు డాక్టర్ చూస్తున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడింది రవళి. డాక్టర్ మందులు రాసింది, ఎవరి బట్టలు వాళ్ళవి విడిగా ఉతికి ఎండలో వేయమంది. అంతా విని ఛాయాదేవి మెల్లగా అడిగింది.

"పాపని మళ్ళీ ఎప్పుడు ఎత్తుకోవచ్చమ్మా?"

"మచ్చలు మానేదాకా కాళ్ళ మీద మాత్రం పడుకోబెట్టొద్దు," అంది డాక్టర్.

"చేతుల మీద లేదు కదండీ?" అడిగింది రవళి.

"లేదు. సబ్బుతో కడుక్కుంటే చాలు."

ఇంటికి రాగానే ఛాయాదేవి మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుని వచ్చి, అడగడానికి ధైర్యం చాలక దూరంగా నిలబడింది. రవళి పాపను ఉతికిన దుప్పటిలో మందంగా చుట్టి, తనే ఎదురెళ్ళి, "తీసుకోండత్తయ్యా" అంటూ ఆమె చేతుల్లో పెట్టింది.