ముందు బోటు, తర్వాత రిమోట్

నూట పది మీటర్లు.

రిమోట్ తెర మీద అంకె కదలడం లేదు!

ఆమె లివర్‌ని ఇంకా ముందుకి నొక్కుతోంది. చీకట్లో ఎక్కడో నీళ్ళ నడుమ మోటారు గింజుకుంటోంది. మామూలుగా దోమలా సన్నగా పాడే మోటారు... ఇప్పుడు గొంతు పట్టేసినట్టు మూలుగుతోంది.

నాచు!

ఫ్యాన్‌కి నాచు చుట్టుకుంది.

"ఇప్పుడేనా... ఇప్పుడేనా నీకు!"

బోటుని తిడుతోందో, చెరువుని తిడుతోందో, తన తలరాతని తిడుతోందో ఆమెకే తెలియదు.

చంకలో పెట్టుకుని మోయగలిగినంత బోటు అది. బెయిట్ బోటు. చేపల ఎరని నీళ్ళ మధ్యకి మోసుకెళ్ళి, తొట్టి తెరిచి, ఒలకబోసి రావడం దాని పని. పన్నెండేళ్ళుగా ఈ ఒడ్డున రేకుల షెడ్డులో ఆమె ఇలాంటివి అద్దెకిస్తోంది, పాడైనవి బాగుచేస్తోంది. చేపలు పట్టడానికి వచ్చేవాళ్ళంతా ఆమెని 'బోట్లమ్మ' అనే పిలుస్తారు.

ఈ రాత్రి తొట్టిలో ఎర లేదు.

ఎడమ తొట్టిలో కట్టుగుడ్డలు. కుడి తొట్టిలో తన ఫోన్... ప్లాస్టిక్ కవర్లో మూడు చుట్లు చుట్టి.

ఎదురుగా, నీళ్ళ మధ్య మొదటి దిబ్బ మీద, రెల్లు పొదల్లో...

ఆమె కూతురు!

రక్తం కారుతూ పడి ఉంది.

పది నిమిషాల కిందట ఫోన్ మోగింది. కూతురు ఈ చెరువుకి గార్డు. డ్యూటీలో ఉండగా ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. అందుకే పేరు చూడగానే చేతిలో పని వదిలేసి ఫోన్ ఎత్తింది.

"అమ్మా... అరవకుండా విను. పాత పంపుహౌస్ దగ్గర ఎవడో బెయిట్ బోటుతో పొట్లాలు అవతలి ఒడ్డుకి పంపిస్తున్నాడు. నేను చూసేశా. వాడు కాల్చాడు."

"ఓరి దేవుడో..."

"అరవకన్నానా! తొడకి తగిలింది. పడవ మునిగిపోయింది. ఈదుకుంటూ మొదటి దిబ్బ ఎక్కా. వాడికి ముసుగుంది, ఎవడో తెలీదు. ఒడ్డు మీదే తిరుగుతున్నాడు. ఫోన్ తడిసింది, చచ్చేలా ఉంది. కట్టు కట్టుకోవడానికి ఏదైనా బోటులో పంపు. లైట్ మాత్రం వెయ్యకు..."

అంతే. ఫోన్ చచ్చింది.

పోలీసులకి చేసింది. "నలభై నిమిషాల్లో అక్కడుంటాం" అన్నారు. నలభై నిమిషాలు! తొడకి తగిలిన మనిషి ఒంట్లో నలభై నిమిషాలకి ఎంత రక్తం మిగులుతుంది?

గోడకి అంటించిన కాగితం మీద కూతురి పై అధికారి నంబరుంది. హెడ్ గార్డు. ఆయనకీ చేసింది.

"దిబ్బ మీద పడుందండీ నా పిల్ల! కాల్చారండీ!"

"బయల్దేరా అక్కా" అన్నాడాయన.

ఇక ఆమెకి ఫోన్ చెయ్యడానికి ఎవరూ లేరు. ఫోన్‌లో ఉన్నవే ఆరు నంబర్లు. అందులో రెండు బ్యాటరీలు అమ్మేవాళ్ళవి.

వెనక్కి... ముందుకి... వెనక్కి. ఫ్యాన్‌ని అటూ ఇటూ తిప్పితే నాచు వదలాలి.

వదలడం లేదు!

కూతురు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ప్రతి రాత్రీ ఆమె ఈ రాత్రినే ఊహించుకుంది. మునిగినట్టు... పాము కరిచినట్టు... ఎవడో కొట్టి పడేసినట్టు. "నేను తుమ్మినా నువ్వు అంబులెన్సుకి ఫోన్ చేసేలా ఉన్నావే" అని పిల్ల నవ్వేది.

నవ్వవే. ఎంత కావాలంటే అంత నవ్వు. బతికుండు చాలు!

నూట ఎనిమిది... నూట అయిదు...

అంకె తగ్గుతోంది. బోటు ముందుకి పోలేకపోతోంది గానీ, వెనక్కి ఈడ్చుకుంటూ వస్తోంది. తెచ్చి, శుభ్రం చేసి, మళ్ళీ పంపాలి. వేరే దారి లేదు.

భుజం మీద చెయ్యి పడింది!



"నేనేనక్కా... హెడ్‌ని."

ఆమెకి ఏడుపొచ్చింది. ఇంత చీకట్లో, ఇంత పెద్ద నీళ్ళ ముందు, ఇంకో మనిషి! ఆయన చేతిలో తుపాకీ కూడా ఉంది. ఇక భయం లేదు.

"ఏ దిబ్బ మీదుందక్కా?"

చెరువులో మూడు దిబ్బలున్నాయి. ఆమె నోరు తెరిచింది. అంతలో మోటారు గరగరమని ఆగిపోయేలా అరిచింది! ఆమె లివర్ వదిలేసి, మళ్ళీ మెల్లగా లాగింది.

"ఉండండి... ఉండండి. బోటు మునిగిందంటే నా పిల్ల పనైపోతుంది. మీరీ రిమోట్ పట్టుకోండి, నేను రేవు చివరికెళ్ళి అందుకుంటా."

"ఈ బొమ్మల సంగతి నాకేం తెలుసక్కా? ఒక్కసారి కూడా ముట్టుకున్న పాపాన పోలేదు. మీరే నడపండి, నేను అందుకుంటా."

చెక్కరేవు చివర ఆయన వంగాడు. బోటుని పైకెత్తాడు. వెనక మూత కిందికి వేళ్ళు పోనిచ్చాడు. రబ్బరు బిరడా తీశాడు. దాని కింది స్విచ్చుని నొక్కిపట్టి ఉంచాడు... ఒకటి... రెండు... మూడు.

మోటారు ఆగింది.

అప్పుడు వెనక్కి వచ్చి, ఆమె చేతిలోని రిమోట్ అందుకుని, దాన్ని ఆపాడు.

చూడకుండా. చీకట్లో!

ఆమె ఒళ్ళంతా చల్లబడిపోయింది.

ఆపేటప్పుడు ముందు బోటు, తర్వాత రిమోట్. తిరగేశారంటే బోటుకి మతిపోతుంది. ఫ్యాన్ ఎటుపడితే అటు తిరిగి వేళ్ళు కోసేస్తుంది. షెడ్డు గోడ మీద ఎర్రరంగుతో ఇంతింత అక్షరాలు రాసి పెట్టింది. అయినా పన్నెండేళ్ళలో కొత్తవాడు ఒక్కడంటే ఒక్కడు కూడా ఆ మాట వినలేదు. అందరూ చేతిలో ఉన్న రిమోటే ముందు ఆపేస్తారు. బోటు స్విచ్చు వెనక మూత కింద దాక్కుని ఉంటుందని కూడా చూపిస్తే తప్ప తెలియదు వాళ్ళకి.

ఒక్కసారి కూడా ముట్టుకోలేదట!

ఆమె కళ్ళు ఇప్పుడు చూస్తున్నాయి. ఛాతీ దాకా రబ్బరు సూటు. నడుం దాకా తడి. హెడ్ గార్డు క్వార్టర్ చెరువుకి అవతలుంది, జీపులో ఇరవై నిమిషాలు. ఈయన ఎనిమిది నిమిషాల్లో వచ్చాడు.

ఇంటి నుంచి రాలేదు.

పంపుహౌస్ నుంచి వచ్చాడు!

"ఏంటక్కా, అలా అయిపోయారు?"

"ఏం లేదు... చలి."

"ఏ దిబ్బో చెప్పనేలేదు."

"ముందు... ముందు ఈ నాచు తియ్యాలి."

షెడ్డులో బల్ల దీపం వెలిగించింది. బోటుని వెల్లకిలా పెట్టింది. ఆయన తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

గోడ గడియారం చూసింది. పోలీసులు రావడానికి ఇంకా ఇరవై ఆరు నిమిషాలు.

ఫ్యాన్ చుట్టూ ఉన్న జాలీ విప్పింది. నాలుగు మరలు. ఒక్కో మరని తుడిచి, మూతలో వరసగా పెట్టింది. నాచు పోగు పోగుగా లాగింది. నాచు కింద తెగిన గాలపు దారం ఉంది, ఇరుసుకి బిగుసుకుపోయింది. బ్లేడుతో కోస్తే క్షణం పని.

కోయలేదు. గోటితో ఒక్కో చుట్టూ విప్పుతోంది.

ఇక్కడ ఒక్కో నిమిషం గడిస్తే పోలీసులు ఒక్కో నిమిషం దగ్గరవుతారు. అక్కడ అదే నిమిషానికి పిల్ల ఒంట్లో రక్తం ఇంకాస్త పోతుంది!

తొందరపడితే వీడు చంపుతాడు. ఆలస్యం చేస్తే తనే చంపినట్టు.

ఎవరినడగాలి? ఎవరున్నారు?

దారం వచ్చేసింది. ఇరుసుకి గ్రీజు పెట్టింది. బ్యాటరీ పిన్నులు పొడిగుడ్డతో తుడిచింది. తొట్టి మూతలు తెరుచుకుంటున్నాయో లేదో నొక్కి చూసింది. కట్టుగుడ్డలు బయటికి జారాయి. మళ్ళీ మడిచి పెట్టింది. జాలీ బిగించింది.

"అక్కా."

"ఆఁ..."

"ఆ మర మూడోసారి బిగిస్తున్నావు."

మర్యాద పోయింది. తుపాకీ మూతి పైకి లేచింది.

ఆమె చెయ్యి మర మీదే ఆగిపోయింది.

"ఎక్కడ దొరికిపోయానో చెప్తావా?"

"స్విచ్చు" అంది ఆమె. "నీకు ఎవరో బాగా నేర్పారు."

ఆయన నిజంగానే నవ్వాడు. "పాడు అలవాటు! నీ గోడ మీద చదివిందే అక్కా. ఆ రాత చదివినవాణ్ణి నేనొక్కడినేనేమో."

"నా పిల్ల నీ ముఖం చూడలేదు. ముసుగుందంది. దానికేం తెలీదు! నీ మీద ఒట్టు... నా మీద ఒట్టు! నేను నోరెత్తను. మేమిద్దరం ఊరొదిలి పోతాం."

"తను పడవలో ఉన్నప్పుడు నా గొంతు విందక్కా. ఇవాళ కాకపోతే రేపు గుర్తొస్తుంది. నడు."

రేవు చివర. చన్నీళ్ళ వాసన. వీపుకి తుపాకీ.

"లైట్ వేసి పంపు. అది చూసి పొదల్లోంచి బయటికి రావాలి. ఏ దిబ్బ?"

"మూడోది."

అబద్ధం. నోట్లోంచి తేలిగ్గా వచ్చేసింది.

రిమోట్ వేసింది. బోటు వేసింది. నీళ్ళ మీద వదిలింది. చిన్న తెల్ల దీపం... నల్లటి నీళ్ళలో ఒంటరిగా... దూరమైపోతోంది. మోటారు మళ్ళీ సన్నగా, హాయిగా పాడుతోంది.

నలభై... ఎనభై... నూట ఇరవై...

మొదటి దిబ్బ పక్కనుంచి పోతోంది. ఇటు తిప్పితే రెండు నిమిషాల్లో పిల్ల చేతికి కట్టుగుడ్డ అందుతుంది. ఆమె బొటనవేలు లివర్ మీద అటు జరిగింది.

తిప్పలేదు.

నూట యాభై... రెండొందలు... రెండొందల ముప్ఫై.

మూడో దిబ్బ అంచున దీపం ఆగింది.

రెల్లు కదల్లేదు.

"రాదేం?"

"స్పృహ తప్పిందేమో..."

ఆయన గొంతు సవరించుకున్నాడు. చెయ్యి నోటి పక్కన పెట్టి, ప్రేమగా, పెద్దగా పిలిచాడు.

"అమ్మాయ్! నేను... హెడ్‌ని! వచ్చేశా! ఇక భయం లేదు తల్లీ! ఎక్కడున్నావ్?"

వద్దు!

ఆమె లోపలంతా అరుస్తోంది. పలకకు పండూ! పలకకు! వీపులో తుపాకీ ఇంకాస్త లోతుగా గుచ్చుకుంది.

"నోరు తెరిచావో..." అన్నాడు మెల్లగా.

నిశ్శబ్దం.

ఎంత మంచి పిల్ల! ఎంత తెలివైన...

"సార్..."

నీరసంగా. నీళ్ళ మీదుగా. దగ్గర్నుంచి!

"సార్... ఇక్కడ... మొదటి దిబ్బ..."

రెల్లు ఊగింది. తెల్లటి చెయ్యి ఒకటి పైకి లేచింది.

వీపు మీద బరువు తప్పుకుంది. తుపాకీ అటు తిరుగుతోంది!

ఆమె ఆలోచించలేదు. జీవితంలో మొదటిసారి ఏమవుతుందో అని ఊహించలేదు. తలా, భుజాలూ, ఉన్న బరువంతా పెట్టి ఆయన నడుం మీదికి దూకింది.

ఢాం!

నిప్పు ఆకాశంలోకి లేచింది.

రేవు పలకలు దద్దరిల్లాయి. ఆమె బోర్లా పడింది. పెదవి చిట్లింది. పక్కన పెద్ద చప్పుడుతో నీళ్ళు ఎగసిపడ్డాయి.

తుపాకీ లేదు.

ఆయనా లేడు.

లేడు కాదు... ఉన్నాడు! తల పైకి తేలింది. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. రేవు చివర రెండు నిలువుల లోతు. రబ్బరు సూటులోకి ఛాతీ దగ్గర్నుంచి నీళ్ళు బుడబుడమని దిగుతున్నాయి. కాళ్ళు ఆడించలేకపోతున్నాడు. సూటు నిండేకొద్దీ బండలా కిందికి లాగుతోంది.

"అక్కా... చెయ్యి..."

వేళ్ళు పలక అంచుకి అందాయి. జారాయి.

"చెయ్యివ్వక్కా... పిల్లలున్నారు..."

ఆమె చెయ్యి రేవు అంచు మీదే ఉంది. జానెడు దూరం.

ముందుకి చాపితే అందుతుంది.

చూస్తోంది.

నీళ్ళలో ఆ ముఖం ఒకసారి పైకొచ్చింది. ఇంకోసారి వచ్చింది.

"అమ్మా!" దిబ్బ మీదనుంచి కేక. "అమ్మా, ఆ చప్పుడేంటి? నీకేమైనా అయిందా? హెడ్ సార్ ఉన్నారుగా అక్కడ?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పలకల మధ్య ఇరుక్కున్న రిమోట్‌ని అందుకుంది. లివర్‌ని మెల్లగా ఇటు తిప్పింది. దూరంగా, తెల్ల దీపం మూడో దిబ్బని వదిలి కదిలింది.

రేవు చివర నాలుగు బుడగలు లేచాయి. తర్వాత రెండు.

"అమ్మా! పలకవేం? నీ దగ్గర ఎవరున్నారు?"

నీళ్ళు చదునయ్యేదాకా ఆగింది.

"ఎవరూ లేరు పండూ" అంది. "నేనొక్కదాన్నే."