పటికనీళ్ళ బొమ్మ

“మునిలక్ష్మీ! కట్టెలు లోపలికి తొయ్ మే, మంట తగ్గిపోతా ఉండాది!”

రంగుల షెడ్డు వాకిట్లో నిలబడి సుందరరాజు సారు కేకేశాడు. పొయ్యి ముందర కూర్చున్నది నేను. నా పేరు పవిత్ర. మునిలక్ష్మి మా అక్క.

నా చేతిలో కట్టె అట్లే ఆగిపోయింది. రాగి కాగులో నీళ్ళు పోస్తున్న ఇమ్మానుయేలన్న బిందె దించి, సారు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

“ఈ పాప పవిత్ర, సార్” అన్నాడు మెల్లగా.

“తెలుసులేవయ్యా. నోరు జారింది.” సారు గుండ్రటి కళ్ళద్దాలు తీసి పంచె కొనతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

నాకు ఒళ్ళు మండింది. సారు మీద కాదు, అక్క మీద. లేచిపోయి మూడేళ్ళయినా ఇంకా జనం నోట్లో నానుతూనే ఉంది కదా అని.

మధ్యాహ్నం అన్నాలు తిని ఎంతోసేపు కాలేదు. అయినా మసకచీకటి. వాయుగుండమని రెండు రోజులుగా ఒకటే వాన. కరెంటు లేదు. షెడ్డుకంతా పొయ్యి వెలుతురే. రేకుల మీద వాన చప్పుడు. దాని కింద ఇంకో చప్పుడు... ప్రహరీగోడ వెనక స్వర్ణముఖి పారుతున్న చప్పుడు. ఏడాదంతా ఇసుక తప్ప ఏమీ ఉండని ఏరు అది. తిరుచానూరులోనే పుట్టిన నాకు కూడా ఆ చప్పుడు అరుదే. మూడేళ్ళ కింద ఒకసారి విన్నాను, మళ్ళీ ఇప్పుడే.

సుందరరాజు సారు పేరు పేపర్లో రాని నెల ఉండదు. కాళహస్తిలో గుడ్డల మీద దేవుళ్ళ బొమ్మలేసే ఇంట్లో పుట్టి, దేవుళ్ళను వదిలేసి కలల్ని గీసినవాడు. సర్రియలిస్టు అంటారంట. నేను పది తప్పినదాన్ని, ఆ మాట నాకు నోరు తిరగదు. “అంటే ఏందన్నా?” అని ఇమ్మానుయేలన్నను అడిగితే, “మాకు తాగితే కనపడేటివి, తాగకుండానే కనపడే మనిషి” అన్నాడు.

సారు బొమ్మలు అట్లాంటివే. మట్టల బదులు చేతులున్న కొబ్బరిచెట్టు. రేణిగుంట స్టేషన్లో వచ్చి ఆగిన పెద్ద చేప, దాని పొట్టకు కిటికీలు, కిటికీల్లో జనం. తన తలను తానే ఒళ్ళో పెట్టుకొని జడ అల్లుకుంటున్న పెండ్లికూతురు. ఆ పెండ్లికూతురు ఇప్పుడు ఢిల్లీలో ఏదో పెద్ద మేడలో గోడకుంది. ఆ ఒక్క బొమ్మతోనే సారు పేరు దేశమంతా తెలిసింది.

ఆ కల మా అక్కది.

నాకంటే ముందు ఈ షెడ్డులో పనిచేసింది అక్కే. రాత్రిళ్ళు ఒకే దుప్పటి కింద పడుకొని నాకు కలలు చెప్పేది. “తల ఒళ్ళో పెట్టుకుంటే చిక్కు తీసుకోవడం ఎంత సులువో తెలుసునా మే!” అని పకపకా నవ్వేది. తర్వాత అవే కలలు సారు గుడ్డల మీద కనిపించేవి. అంత గొప్ప మనిషి మా అక్క కలల్ని కూర్చొని వింటాడంటే నాకు వెన్నెల్లో నడిచినట్టుండేది. నాకట్లాంటివి ఇష్టం.

ఇట్లాంటి వానల్లోనే అక్క పోయింది. సారే గొడుగేసుకొని మా ఇంటికొచ్చి, మా నులకమంచం మీద కూర్చొని చెప్పాడు. రేణిగుంట రోడ్డు మీద లారీ ఎక్కిందంట. పచ్చలారీ. వెనకపక్క పింఛం విప్పిన నెమలి బొమ్మ. డ్రైవరు మెడలో ఎర్ర తువ్వాలు. “నవ్వతా ఎక్కిందమ్మా, నేను పిలిచినా తిరిగి సూడలేదు” అన్నాడు. మా అమ్మ పేరు కుప్పమ్మ. గుడి దగ్గర పూలమ్ముతుంది. ఆ రోజు కట్టిన మూరలన్నీ తీసుకెళ్ళి బురదలో పారేసింది. ఆ పేరు మళ్ళీ ఎత్తితే నాలుక కోస్తానంది.

నేను మాత్రం దొంగతనంగా ఆ లారీని తలుచుకునేదాన్ని. ఆ నెమలిని, ఆ ఎర్ర తువ్వాలును, గాలికి ఎగిరే అక్క జుట్టును. ఎక్కడో మేడ మీద ఇల్లుంటుంది, సాయంత్రం ఇద్దరూ వాన చూస్తూ ఉంటారు అనుకునేదాన్ని. అనుకున్నకొద్దీ కోపం పెరిగేది. ఒక్క ఫోను చేయొద్దా? నాకు కూడానా? అక్క ఎక్కడుందో తెలుసుకొని, ఎదురుగా నిలబడి కడిగేయాలని, అందుకే ఈ పనిలో చేరాను. లారీ నంబరేమైనా గుర్తుందా సార్ అని అడిగినప్పుడల్లా, సారు కుంచె కడుక్కుంటూ “సూళ్ళా పాపా” అనేవాడు.

ఆ రోజు కాగులో వేయాల్సిన గుడ్డ పెద్దది. నాలుగు మంచాలంత. ఢిల్లీకి పోవాలి, వారంలో. పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఎరుపు రావాల్సిన చోట మేము పూసేది రంగు కాదు, పటికనీళ్ళు. ఆరిపోతే గుడ్డ మీద ఏమీ కనపడదు. ఎర్రవేర్లు వేసిన నీళ్ళలో మరిగితేనే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. మిగతా గుడ్డకు ఎంత మరిగించినా పట్టదు.

ఈ గుడ్డ మీద సారు పటికతో గీసింది ఒక్క గుడిగంట. గంట నాలుక బదులు మనిషి నాలుక. నడిమధ్యలో గీశాడు. చుట్టూ అంతా ఖాళీ. పక్కనే కూర్చొని గిన్నె పట్టుకున్నది నేను.

“ఏరు పారతా ఉంటే, సిమెంటు తొట్లో జాడించేదేంది సార్?” అని పొద్దున ఇమ్మానుయేలన్న గొణిగాడు. “పారే నీళ్ళల్లో జాడిస్తే పటిక నిలకడగా ఉంటాదని మీరే గదా సెప్పేది.”

“సెప్పింది సెయ్” అన్నాడు సారు.

గుడ్డను కాగులో దించాం. ఇమ్మానుయేలన్న ఒకవైపు, నేనొకవైపు వెదురు గెడలతో తిప్పుతున్నాం. గుడ్డకు పట్టించిన గేదెపాలు, కరక్కాయ, తడి పొగ... ఎప్పుడూ ఉండే వాసనలే. ముందుగా గంట పైకొచ్చింది. తర్వాత నాలుక, ఎర్రగా, తడిగా. “గంట కొడితే బూతులు తిడతాదేమో ఇది” అన్నాడు ఇమ్మానుయేలన్న. నేను నవ్వాను.

అప్పుడు గుడ్డ మడత తిరిగింది.

ఖాళీగా ఉండాల్సిన చోట సన్నటి గీత. వెంట్రుకంత. చూస్తుండగానే కొంచెం లావైంది. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి...

వేళ్ళు.

“సార్” అన్నాడు ఇమ్మానుయేలన్న. “ఈడ పటిక ఎవురు పూసినారు?”

సారు వచ్చి వంగి చూశాడు. “మరకబ్బా. తిప్పు.”

తిప్పాం. వేళ్ళ వెనక చెయ్యి వచ్చింది. చేతి వెనక గాజులు. ఆ చెయ్యి దేన్నో గట్టిగా పట్టుకొని ఉంది. నీళ్ళ అలల్లాగా పొడుగ్గా జుట్టు పరుచుకుంటూ పోయింది, గుడ్డ అంచుదాకా. ఆ గీత నాకు తెలుసు. చుట్ట తిరిగే చోట కొంచెం ఆగి, మళ్ళీ సాగే గీత. మా ఇంటి ముందర అక్క వేసే ముగ్గు గీత...

వాసన మారింది. ఏటి బురద వాసన. మూసిపెట్టిన బావి మూత తీసినట్టు.

“తియ్యండి” అన్నాడు సారు. “పొయ్యి ఆర్పండి. గుడ్డ బయటికి తియ్యండి.”

ఇమ్మానుయేలన్న కట్టెలు బయటికి లాగి బిందెడు నీళ్ళు కుమ్మరించాడు. పొయ్యి సుయ్యిమంది. షెడ్డు చీకటైంది. వాకిలి నుంచి వచ్చే బూడిదరంగు వెలుతురు మాత్రం మిగిలింది.

కాగు మాత్రం కుతకుతా ఉడుకుతూనే ఉంది.

కింద నిప్పు లేదు. నేను వంగి చూశాను. నల్లటి తడి బొగ్గులు. అంతే.

“ప్రభువా...” ఇమ్మానుయేలన్న గెడ వదిలేశాడు. “నేను పోతాండా పాపా. నువ్వూ వచ్చేయ్. రామ్మా, సెప్పేది ఇను...” వానలోకి పరిగెత్తాడు. గేటు చప్పుడు వినపడింది.

నేను పోలేదు. గెడను రెండు చేతుల్తో పట్టుకొని ఇంకో మడత తిప్పాను.

ఇప్పుడు మొత్తం కనపడింది. మెడదాకా నీళ్ళలో ఉన్న ఆడమనిషి. ఆమె చేతిలో గుడ్డ కొన. గుడ్డ రెండో కొన పట్టుకొని గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చున్న మగమనిషి. అతని ముక్కు మీద గుండ్రటి కళ్ళద్దాలు.

నేను లారీ కోసం వెతికాను.

నిజంగానే వెతికాను. మూల మూలా. పచ్చలారీ. నెమలి. ఎర్ర తువ్వాలు... మూడేళ్ళు నేను కళ్ళు మూసుకొని చూసుకున్నవన్నీ.

లేవు. ఏరు తప్ప ఏమీ లేదు.

అప్పుడు నాకర్థమైంది. ఈ మనిషి అబద్ధానికి కూడా బొమ్మ గీశాడు. లారీ ఎక్కిందని చెబితే చాలు, ఆ నెమలెందుకు? నాకోసం. నాలాంటిది ఆ నెమలిని చూస్తూ, అక్కను తిట్టుకుంటూ ఉండిపోవాలని. నేను ఉండిపోయాను. మా అమ్మ నోట్లోంచి కన్నబిడ్డ పేరు కూడా తీసేశాడు.

భయం ఎటుపోయిందో తెలియదు.

“లారీ యాడ సార్?”

సారు ఒక అడుగు వెనక్కి వేశాడు.

“నెమలి యాడ? నవ్వతా ఎక్కిందంటివే, ఆ నవ్వు యాడ సూపించు!” నా గొంతు నాకే కొత్తగా ఉంది. “మా మంచం మీద కూసోని, మాయమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి సెప్పినావు గదా సార్! సెప్పు! మాయక్క యాడ?”

“అరవద్దు మే...” గుసగుసగా అన్నాడు. నాతో కాదు. కాగు వైపు చూస్తూ. “అరవద్దు. ఈ పాప ముందర వద్దు.”

గోడకున్న కత్తెర తీసుకొని కాగు దగ్గరికి వచ్చాడు. గుడ్డను ముక్కలు చేయాలని కాబోలు. మసిలే నీళ్ళలో చెయ్యి పెట్టాడు. మోచేతిదాకా. కాలిందని అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

ఆగిపోయాడు...

కత్తెర లోపల పడిపోయింది. చెయ్యి వెనక్కి లాగాడు. రాలేదు. కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. కొంచెం పైకొచ్చింది. మణికట్టు మీద చర్మం నొక్కుకుపోయి ఉంది. ఒకవైపు నాలుగు గుంతలు, ఒకవైపు ఒకటి. వాటి మీద ఏమీ లేదు. ఆవిరి తప్ప ఏమీ లేదు. నేను కాగుకు ఇవతల ఉన్నాను, నా చేతులు రెండూ గెడ మీదే ఉన్నాయి.

“పవిత్రా, లాగు మే! నన్ను లాగు!”

నేను కదల్లేదు. ఆ మాట ఇప్పటికీ సిగ్గు లేకుండా చెబుతాను. కదల్లేదు.

“మాయక్క యాడ?” అన్నాను మళ్ళీ.

సారు ఏడుస్తున్నాడు. కళ్ళద్దాలు ఆవిరికి తెల్లబడిపోయాయి. ముఖం కాగు మీదికి వంగిపోతూ ఉంది, ఎవరో దగ్గరికి పిలిచినట్టు. చివరికి నోరు తెరిచాడు. పెద్దగా, రేకుల మీది వానకంటే పెద్దగా చెప్పాడు.

“ఆ రోజు పొద్దున్నే అడిగినావు గదా, బొమ్మ కింద నా పేరు రాయి సార్ అని... కలా నీదే, గీతా నీదే. మధ్యాన్నం ఏట్లో పెండ్లికూతురి గుడ్డ జాడిస్తా ఉంటే, ఇసక తోడిన గుంతలో కాలు పడింది నీకు. గుడ్డ పట్టుకోని గట్టుదాకా వచ్చినావు. ఒక్క లాగు లాగితే పైకొచ్చేదానివే. నేను గుడ్డనే పట్టుకున్యా. నీ వేళ్ళు ఒక్కొక్కటే నేనే ఇడదీసినా... సెప్పినా గదా, మునిలక్ష్మీ! ఇంక నువ్వు ఇడువు!”