ఫౌంటెన్ కింది కపాలం

మిట్టమధ్యాహ్నం... సంపూర్ణ సూర్యగ్రహణం!

పట్టపగలే కాటుకచీకటి నగరాన్ని మింగేసింది. ఆకాశహర్మ్యాల నడుమ దేదీప్యమానంగా వెలిగే ఆ ఆరుబయటి విపణివీధి... అద్దాల దుకాణాలు, వాటి పైన అపార్టుమెంట్లు, కాఫీ షాపుల రంగురంగుల గొడుగులు... సమస్తమూ కళావిహీనమైపోయింది. ఎక్కడినుంచో వచ్చిన గుడ్లగూబ ఫౌంటెన్ మీద వాలి వికృతంగా కూసింది. మబ్బు లేకుండానే ఉరిమింది!

సరిగ్గా అప్పుడే, ఎవరికీ అద్దెకివ్వని ఖాళీ షాపులో, దించిన షట్టర్ వెనుక, నెత్తుటి వలయం మధ్య ఒక కపాలాన్ని నిలిపాడు మాంత్రికుడు. ఎదురుగా ఆ ప్రాంగణం మొత్తానికీ మేనేజరైన యువతి, ఖరీదైన కోటులో చెమటలు కక్కుతూ కూర్చుంది.

“ఎవరి మీద ప్రయోగం?”

“చివరి కొట్లో బట్టలు కుట్టే ఆవిడ మీద. చంపొద్దు. హడలిపోయి ఖాళీ చేస్తే చాలు.”

“ఆవిడ నీకేమవుతుంది?”

“ఏమీ కాదు.”

అబద్ధం! ఆమె తోడబుట్టిన అక్క. తల్లి పోయాక మిషను తొక్కి చెల్లెల్ని చదివించిన అక్క. ప్రాంగణం కట్టకముందునుంచీ ఆ మూల కొట్టు ఆమెదే. మెడలో టేపు వేసుకుని, గుమ్మంలో నిలబడి, దారినపోయేవాళ్ళతో పగలబడి నవ్వే ఆ మనిషి తన అక్క అని తెలిస్తే తలవంపులని చెల్లెలు ఎవరికీ చెప్పలేదు.

అంతకన్నా సిగ్గుమాలిన పని మరొకటుంది. ఒకప్పుడు ఇక్కడ శ్మశానం ఉండేది. సమాధులు తవ్వేముందు, తమవాళ్ళ అస్థికలు తీసుకెళ్ళమని అందరికీ కబురొచ్చింది. అక్క జ్వరంతో మంచాన ఉంది. “నేను చూసుకుంటాలే” అన్న చెల్లెలు, ఎవరి కంటైనా పడతానేమోనని అటు తొంగైనా చూడలేదు. అమ్మను వేరేచోట పూడ్పించానని అక్కతో బొంకింది...

“ఈ పుర్రె ఫౌంటెన్ పునాదిలో దొరికింది” ఇకిలించాడు మాంత్రికుడు. “దిక్కులేనిది. చెప్పినట్టు వింటుంది.”

అది అమ్మదేనేమోనని ఆమెకు తోచింది. అయినా... ఆపమనలేదు!

“హ్రీం! క్రీం! ఆవిశ... ఆవిశ!”

కెవ్వుమన్న కేక! విరబోసుకున్న జుట్టుతో, నిప్పుకణికల్లాంటి కళ్ళతో అక్క వీధిలోకి దూసుకొచ్చింది. షాపుల అద్దాలు భళ్ళున పగిలాయి. జనం చెల్లాచెదురయ్యారు. మాంత్రికుడు కపాలం చేతబట్టి, మదమెక్కి బయటికొచ్చాడు.

“నీ గొంతు నువ్వే నులుముకో!”

“వద్దు! చంపొద్దన్నాను కదా!” మేనేజరు అతని కాళ్ళమీద పడింది.

“నా దేవతకు ప్రాణం కావాలి!” వికటాట్టహాసం చేశాడతను.

అక్క చేతులు గొంతుదాకా లేచి... ఆగిపోయాయి. ఆ నోట వినిపించింది అక్క గొంతు కాదు.

“ఎవరి గొంతురా నులమమంటున్నావు? నా కూతురి గొంతా?”

మాంత్రికుడి మొహం పాలిపోయింది. అతడి మంత్రాలు నాలుకమీదే మాడిపోయాయి. కపాల నేత్రాలనుంచి ప్రళయాగ్ని ఎగసింది! ఆ మంటా, కుతకుతలాడుతూ పొంగిన ఫౌంటెన్ నీళ్ళూ అతణ్ణి చుట్టేశాయి. ఆర్తనాదం... ఆ పైన గుప్పెడు బూడిద!

అక్క ముఖంలోని ఆ ఎర్రటి కళ్ళు చిన్నకూతురి వైపు తిరిగాయి. వాటిలో కోపం లేదు.

“చిట్టీ... నేనంటే నీకు నామోషీ. పోనీలే. అక్కనేమీ చెయ్యకే, నీకు దణ్ణం పెడతాను.”

కన్నతల్లి చేతులు జోడించింది! ఆ చేతుల ముందు చిట్టి సిగ్గుతో నిలువునా చచ్చిపోయింది.

వెలుగొచ్చింది. కుప్పకూలిన అక్క కళ్ళు తెరిచింది. చుట్టూ జనం మూగారు. “ఈవిడ మీకేమైనా అవుతారా మేడమ్?” అడిగాడు సెక్యూరిటీ గార్డు.

తల ఎత్తలేక, నేలనే చూస్తూ చెప్పింది చిట్టి. “మా అక్క. ఆ పుర్రె మా అమ్మది. అమ్మను నేను తీసుకెళ్ళలేదక్కా. ఈ ప్రయోగం చేయించిందీ నేనే.”

అక్క మెల్లగా లేచింది. తర్వాత కొట్లోకెళ్ళి కొత్త బట్ట చింపి తెచ్చి, కపాలాన్ని పసిబిడ్డలా చుట్టి గుండెకు హత్తుకుని నడిచింది.

“అక్కా... నేనూ రానా?”

వెనక్కి తిరక్కుండానే అందామె.

“రా. అమ్మను మాత్రం ముట్టుకోకు.”