మందెక్కువైంది

"ఎడమ కన్ను పద్నాలుగు, కుడి కన్ను పదమూడు. పీడనం అదుపులో ఉంది" అంది గోడగొంతు, హేమంత్ కాఫీ కప్పు పెదవికి ఆనించకముందే. ఆ కాలంలో ప్రతి ఇంటి గోడకీ ఒక గొంతుండేది. ఇంట్లోవాళ్ళ నెత్తురూ, నిద్రా, కంటినీరూ అన్నీ దానికే కావాలి. ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

"అమ్మయ్య!" అంది అతని భార్య ప్రవల్లిక.

పదేళ్ళ కిందట కాకినాడలో హేమంత్‌కి నీటికాసుల ఆపరేషన్ చేశారు. కంట్లో పేరుకునే నీరు బయటికి పోవడానికి చిన్న దారి చేశారు. ఒళ్ళు ఊరుకుంటుందా? గాయం మాన్పేసి, ఆ దారి కాస్తా మూసేసింది. సగం చూపు పోయింది. అప్పటినుంచీ చుక్కల మందే గతి. నెల కిందట రెండు కళ్ళలోనూ కంటితూములు అమర్చారు. బియ్యపు గింజలో పదో వంతుండవు. నీరెక్కువైతే వాటంతటవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి.

"పోయిన చూపు నేను తేలేనండి, ఉన్నదాన్ని మాత్రం పోనివ్వను" అన్న డాక్టర్ ఇస్మాయిల్ మాట నిలబెట్టుకున్నాడు. ఇక చుక్కలక్కర్లేదని నిన్న రాత్రే చెప్పాడు. సంతోషం పట్టలేక ప్రవల్లిక మిగిలిన సీసాలన్నీ ఆ పూటే పారేసింది.

ఆ చుక్కల సంగతి గోడగొంతుకి సగమే తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట, తుఫాను కమ్ముకొస్తున్న రోజున, మందు నిండుకుందన్నాడు హేమంత్. "ఇప్పుడే తెస్తా నాన్నా" అని వెళ్ళింది ఒక్కగానొక్క కూతురు. సముద్రపు కట్ట తెగింది. పిల్ల మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఆమె పేరు ఆ ఇంట్లో ఎవరైనా ఎత్తితే ఒట్టు.

కానీ రోజూ సాయంత్రం ఆరింటికి హేమంత్ కిటికీ దగ్గర కుర్చీలో తల వెనక్కి వాల్చేవాడు. ప్రవల్లిక చుక్క వేసి, కంటి కొనను వేలితో నొక్కి, ఐదు నిమిషాలు నిలబడేది. అతని చెంపల మీద ధార కట్టేది. ఒక్క చుక్కకి అంత నీరెక్కడిది?

"మందెక్కువైందండీ" అనేది, కొంగుతో తుడుస్తూ.

"ఆ, ఎక్కువైంది" అనేవాడు.

తర్వాత అదే కొంగుతో తన మొహమూ తుడుచుకునేది. తొమ్మిదేళ్ళు అలాగే నెట్టుకొచ్చారు పాపం.

ఆ రోజూ ఆరయింది. హేమంత్ వచ్చి కుర్చీలో తల వాల్చాడు.

"ఇంకెందుకండీ? హాయిగా అలా నడిచి రాకూడదూ!" అని నవ్వింది ప్రవల్లిక.

అతను లేవలేదు. "ఊరికే నిలబడవే, ఐదు నిమిషాలు" అన్నాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. వచ్చి కంటి కొన మీద వేలు పెట్టింది. ధార మామూలుగానే వచ్చింది. కొంగు తీసి, "మందె..." అనబోయి ఊరుకుంది. మందెక్కడుంది, తనే పారేసింది.

"రెండు కళ్ళలో నీరు అధికంగా ఉంది" అంది గోడగొంతు. "మందు వేయలేదు. తూములు సరిగానే పనిచేస్తున్నాయి. కారణం చెప్పండి."

ప్రవల్లిక కొంగుతో అతని చెంపలు తుడిచింది.

"కారణం చెప్పండి."

"సంహిత" అంది ప్రవల్లిక.

హేమంత్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నేనే కదే పంపించాను" అని భోరుమన్నాడు. ఆమె అతని తలను పొట్టకి హత్తుకుని తనూ ఏడ్చింది.

గోడగొంతు కాసేపు వెతికింది. "ఆ పేరుతో మందేదీ లేదు" అంది.