ఎగ్జామినర్‌కు వైవా

ముత్తును చంపింది మిట్టమధ్యాహ్నం, అందరూ క్యాంటీన్‌లో అన్నం తింటున్న వేళ.

హోసూరు దాటి శూలగిరి వైపు పోయే హైవే పక్కన ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. అందులో ఫిజిక్స్ బ్లాక్ కింది అంతస్తులో క్రయోజెనిక్ ల్యాబ్ అనే ఇరుకు గది. ఒకటే తలుపు, తలుపు పక్కన గోడలో ఒక అద్దపు కిటికీ. లోపల పీహెచ్‌డీ స్కాలర్ ముత్తు పని చేసుకుంటుండగా ఎవరో లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకు వాల్వు తెరిచి, దాని పిడి ఊడదీసుకుని, బయటికొచ్చి గడియ పెట్టారు. ద్రవం ఆవిరై గదిలోని గాలినంతా నెట్టేసింది. ఆక్సిజన్ అలారం మోగలేదు. దాని వైరు తెగి ఉంది. తలుపుకు ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోయాడు. టేబుల్ మీద ఉండాల్సిన చిప్ లేదు.

పోలీసు రిపోర్టులో ప్రమాదం అని రాశారు.

ముత్తు మూకండపల్లి కుర్రాడు. తండ్రి ఏళుమలై ఫ్యాక్టరీలో టర్నర్, తల్లి మంజులమ్మ అదే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. ఆ వీధిలో పీహెచ్‌డీ దాకా వెళ్లినవాడు అతనొక్కడే. అతనికొక అక్క ఉందనీ, ఢిల్లీలో ఏదో ఆఫీసు ఉద్యోగమనీ వీధికంతా తెలుసు. ఆ ఆఫీసు గూఢచారి శాఖ అని మాత్రం ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. ఆమె పేరు హేమావతి. తమ్ముడి అంత్యక్రియలకు ఆమె రాలేదు. రానివ్వలేదు.

ఆమెను రానివ్వని మనిషే కొన్ని రోజులకు కృష్ణగిరికి పిలిపించాడు. మామిడిగుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ అడిగాడు, ఈ తూరి తోతాపురి ఎట్లుందని. పులుపు ఇంగా తగ్గలేదని ఆమె చెప్పింది. వాచ్‌మన్ తలుపు తీశాడు. డబ్బాల గోడౌన్ వెనక గదిలో చీఫ్ మాదప్ప కూర్చుని ఉన్నాడు.

మాదప్ప ఓదార్పు మాటలు చెప్పే రకం కాదు. నేరుగా బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. లాంటర్న్ ఫౌండేషన్ అని ఒక విదేశీ సంస్థ. పైకి సైన్స్ గ్రాంట్లు, లోపల దొంగతనం. దాని నాయకుడి ముఖం ఎవరూ చూడలేదు. కోడ్‌నేమ్ ఎగ్జామినర్. ఏ దేశంలో అడుగు పెట్టినా వైవా పరీక్షకుడి వేషంలోనే పెడతాడు, ప్రతిసారీ కొత్త పేరుతో. ముత్తు చేసింది సింగిల్ ఫోటాన్ డిటెక్టర్. ఒక్క ఫోటాన్ తగిలినా పట్టేసే సూపర్‌కండక్టర్ తీగ, వెంట్రుకలో వెయ్యో వంతు సన్నం. మన సీక్రెట్ ఉపగ్రహాలకు అదే చెవి, అదే కన్ను. ముత్తు చిప్‌ను ఎగ్జామినర్ ఎత్తుకెళ్లాడు, కానీ వేడి తగలగానే అది ఎడమ అంచు వెంట చీలిపోయింది. ఈ కబురు వాళ్ల లోపలే ఉన్న మన మనిషి పంపింది.

“కాబట్టి మళ్లీ ఎవరన్నా చేసేదాకా వాడు కాచుకోనుంటాడు,” అన్నాడు మాదప్ప. “ముత్తు సీటు కాలీగా ఉండాది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన ఏజెంటువి నువ్వొక్కదానివే.”

“పీహెచ్‌డీ చేసినట్టు నటించాల్నా?”

“నటిస్తే పట్టుబడతావు. నిజంగానే చేయాల.”

“ఎన్నేండ్లప్పా?”

“అది నీ గైడు దయ.”

అట్లా హేమావతి ‘అముద’ అయింది. జుట్టు కత్తిరించి, లావు కళ్లద్దాలు పెట్టింది. ఆ అద్దాల ఫ్రేములో కెమెరా, చెవి వెనక మాదప్ప గొంతు, దుపట్టాకు గుచ్చిన పిన్నులో ఆక్సిజన్ మీటరు. ల్యాబ్‌లో తమ్ముడి కుర్చీలోనే కూర్చుంది. గోడ మీద ముత్తు ఫోటోకు విద్యార్థులు దండ వేస్తుంటే, ఎవరో పరాయి మనిషికి పెట్టినట్టు తనూ ఒక నమస్కారం పెట్టింది. ఆ సాయంత్రం హాస్టల్ బాత్రూమ్‌లో నల్లా తిప్పి చాలాసేపు నిలబడింది.

గైడు ప్రొఫెసర్ కేశవప్ప మంచివాడే, భయస్తుడు. ఫిల్మ్, అంటే చిప్ మీది సూపర్‌కండక్టర్ పొర, పలచగా వస్తే మందం చాలదనేవాడు, మందంగా వస్తే పలచన చేయమనేవాడు. కోర్సువర్కు పరీక్షలు, తిరిగొచ్చిన పేపర్లు, మొరాయించే వాక్యూమ్ పంపులు. పగ తీర్చుకోవడానికి వచ్చిన మనిషి ముందు క్వాంటమ్ స్టాటిస్టిక్స్ పాసవ్వాల్సి వచ్చింది. ముత్తు సఫైర్ అనే నీలమణి పలక మీద ఫిల్మ్ పెంచి చిప్ చేశాడు. ఆమె సిలికాన్ మీద పెంచింది. ఎన్నో ఫిల్ములు చెడిపోయాయి. ఒక ఉదయం చల్లార్చుతుండగా తీగ రెసిస్టెన్స్ జారి జారి సున్నా దగ్గర ఆగిపోయింది. హేమావతి చిన్నపిల్లలా నవ్వేసింది. ఆ నవ్వులో కొద్దిసేపు తమ్ముణ్ణి మరిచిపోయానని తెలియగానే తన మీద తనకే అసహ్యమేసింది. పగను కూడా ఈ తీగలాగే అడుగంటా చల్లార్చి పెట్టుకోవాలని ఆ రోజే అనుకుంది. వేడిగా ఉంటే చేయి జారుతుంది.

ల్యాబ్ సామాన్ల కోసం ఆమె ఎక్కే హోసూరు బస్సు మూకండపల్లి స్టాపులో ఆగేది. ఆమె తల తిప్పేది కాదు. ఒకరోజు మంజులమ్మే ఆ బస్సెక్కి పక్కన కూర్చుంది. కత్తిరించిన జుట్టు, కళ్లద్దాలు ఆమెను ఏమీ మోసం చేయలేకపోయాయి. అయినా ఒళ్లో సంచి పట్టుకుని కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. దిగేటప్పుడు ముఖం చూడకుండా, మెల్లగా అంది.

“పని ముగించుకోని ఇంటికి రామ్మా. మధ్యలో రావద్దు.”

చిప్ పనిచేసిందన్న వార్త బయటపడగానే పవిత్ర వచ్చింది. లాంటర్న్ ఫౌండేషన్‌కు ఇక్కడి ప్రతినిధి. మైసూరు పట్టుచీర, ఎర్ర కారు, ఆమె నడుస్తుంటే వరండాలో ప్రొఫెసర్లు కూడా ఫైళ్లు దించుకుని చూసేవారు. ముత్తు చనిపోయిన రోజు గేటు దగ్గర ఆ ఎర్ర కారు ఉందని హేమావతికి తెలుసు. కృష్ణగిరి రోడ్డు మీద, కుందారపల్లి దగ్గర ఒక హోటల్‌కు భోజనానికి తీసుకెళ్లి, విదేశంలో పోస్ట్‌డాక్ ఇప్పిస్తానంది పవిత్ర. వైవాకు బయటి పరీక్షకుణ్ణి ఫౌండేషనే పంపుతుందని, ఆయన చిప్‌ను పనిచేస్తుండగా చూడాలంటున్నాడని చెప్పింది. హేమావతి సంతోషం నటించింది. పవిత్ర పులుసు కలుపుకుంటుంటే, ఆ మెడను ఏ చేత్తో పట్టుకోవాలా అని చూసుకుంటూ కూర్చుంది.

వైవా ఉదయం పూట. పరీక్షకుడి పేరు ప్రొఫెసర్ క్రెయిన్ అన్నారు. తెల్ల గడ్డం, నార కోటు, చేతిలో వెండి లేజర్ పాయింటర్. హాలు నిండింది. ఆయన నెమ్మదిగా, మర్యాదగా ప్రశ్నలు వేశాడు. హేమావతి జవాబులు చెబుతూనే ఉంది. లోపల అనుమానం. ఇతనేనా, లేక నిజమైన ముసలి ప్రొఫెసరా?

అప్పుడాయన నవ్వుతూ అడిగాడు. మీకు ముందున్న స్కాలర్ ఫిల్మ్ వేడి తగలగానే ఎడమ అంచు వెంట చీలింది కదా, మీది చీలదని ఏమిటి నమ్మకం?

ఆ ఫిల్మ్ చీలిందని ఈ యూనివర్సిటీలో ఎవరికీ తెలియదు. అది చీలకముందే మాయమైంది. చీలడం చూసింది, ఎత్తుకెళ్లినవాడు మాత్రమే.

హేమావతి సిలికాన్ వ్యాకోచం గురించి స్లయిడ్ చూపించి, గ్రాఫు చూపించి, శ్రద్ధగా వివరించింది. చెవిలో మాదప్ప ఊపిరి వినిపించింది.

“వాడే,” అన్నాడు మాదప్ప. “చిప్ వాని చేతికి పోనీ. సాక్ష్యం కావాల.”

చూపించే ఘట్టం ల్యాబ్‌లో. పాత డేటా చూడాలని క్రెయిన్ కేశవప్పను పై అంతస్తుకు పంపేశాడు. గదిలో ఇద్దరే మిగిలారు. తలుపు దగ్గర పవిత్ర నిలబడి ఉంది. హేమావతి ఫోటాన్లు లెక్కపెట్టే కౌంటరు వైపు తిరిగింది, కళ్లద్దాల అంచులోని కెమెరాకు వెనకవైపు కనిపించేట్టు. చిప్‌ను ఒకసారి పనిచేయించి హోల్డర్‌ను బయటికి తీసింది. ముసలాయన పాయింటర్ మూత తిప్పాడు. లోపల బోలు. చిప్ అందులోకి జారింది. తర్వాత నైట్రోజన్ వాల్వు తెరిచి, పిడి పీకి, తలుపు వైపు విసిరాడు. పవిత్ర దాన్ని గాలిలోనే పట్టుకుంది. ఈ రెసిపీ తెలిసిన మనిషి ఈ దేశంలో ఇంక మిగలకూడదని అతని లెక్క.

హేమావతి అతనికి అడ్డంగా వచ్చింది. పాయింటర్ కొన నుంచి సూది బయటికొచ్చింది. వెనక నుంచి పవిత్ర చేయి ఆమె భుజాన్ని పట్టింది. పవిత్ర ముఖం మీదికి హేమావతి మోచేయి లేపింది, కానీ ఆ పట్టు ఆమెను లోపలికి కాదు, బయటికి లాగింది. తలుపు మూసుకుంది. గడియ పడింది. ఎగ్జామినర్ లోపలే ఉన్నాడు.

పవిత్ర రొప్పుతూ గోడకానుకుంది. ఫౌండేషన్ లోపల ఉన్న మాదప్ప మనిషి తనేనని చెప్పింది.

“ముత్తు పోయిన దినం ఆలస్యంగా వచ్చినాను. తలుపు తీసేలోపల అయిపోయింది,” అంది. “ఈ తూరి ముందే వచ్చినాను.”

ఇంకొక మాట కూడా చెప్పింది. ఇదే పూట ఇంకొక ఊళ్లో, ఇంకొక ల్యాబ్‌లో ఇంకొక స్కాలర్‌కు ఇదే ఏర్పాటు. ఆ ఊరేదో లోపలున్న వాడికొక్కడికే తెలుసు.

తెల్లటి పొగ నేల మీద పాకుతోంది. ఎగ్జామినర్ అద్దం దగ్గరికొచ్చాడు. భయం లేదు. గోడ మీది ఇంటర్‌కమ్‌లో, మీరు ప్రభుత్వ మనుషులు, తెరవక తప్పదు అన్నాడు.

హేమావతి ఇంగ్లీషు వదిలేసి మూకండపల్లి తెలుగులో చెప్పింది.

“గవర్నమెంటు పంపింది అముదను. ఈడ నిలబడిండేది ముత్తు అక్క.”

అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. కానీ ఆమె ముఖం అర్థమైంది. మొదటిసారి అతని చూపు పిడి లేని వాల్వు మీదికి పోయింది. తర్వాతి ప్రశ్న హేమావతి ఇంగ్లీషులోనే అడిగింది. ఏ ఊరు? ఏ ల్యాబ్?

అతను పెదవులు బిగించాడు. పొగ మోకాళ్లు దాటింది. చెవిలో మాదప్ప తెరువమ్మా అంటున్నాడు. హేమావతి కదల్లేదు. తమ్ముడు ఈ తలుపు వెనకే కూర్చున్నాడు. ఇక్కడే కొట్టి ఉంటాడు, పిలిచి ఉంటాడు. ఇంకాసేపు ఊరికే నిలబడితే చాలు, చేయి కూడా ఎత్తనక్కర్లేదు.

చల్లబడ్డ అద్దం అతని ఊపిరి తగిలి లోపలివైపు మసకబారింది. గాలి చాలక మాట రాని అతను వేలితో ఆ మసక మీద రాయసాగాడు. బయటికి అక్షరాలు తిరగబడి కనిపించాయి. ఒక ఊరి పేరు, ఒక ల్యాబ్ నంబరు. పవిత్ర గట్టిగా చదివింది. ఆ ఊరికి కబురు చేయడానికి మాదప్ప గొంతు మాయమైంది.

ఎగ్జామినర్ తలుపు చూపించాడు. హేమావతి తల అడ్డంగా ఊపింది. ఇంకొక ప్రశ్న ఉందంది. నువ్వు ఈ గదిలో చంపిన వాడి పేరు రాయి.

అతను తెల్లమొహం వేశాడు. అతనికి తెలియదు. ఒక మనిషిని చంపి, పేరు కూడా తెలుసుకోలేదు. హేమావతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో మొదటిసారి తుడుచుకోలేదు. ఒక్కొక్క అక్షరమే చెప్పింది. కాళ్లు మడతపడుతున్నా అతను రాశాడు. చివరి అక్షరం గీత అద్దం మీద కిందికి జారిపోయింది, దానితో పాటు మనిషీ జారాడు.

గడియ తీసింది హేమావతే. ఊపిరి బిగబట్టి లోపలికెళ్లి, కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చి, ఆక్సిజన్ మాస్కు ముఖానికి అదిమింది. బతకాలి వీడు. కోర్టులో నిలబడి ముత్తు పేరు మళ్లీ మళ్లీ వినాలి.

చెవిలో మాదప్ప తిరిగొచ్చాడు. ఆ ఊళ్లో తలుపు పగలగొట్టారట. స్కాలర్ స్పృహ తప్పి ఉంది, కానీ ఊపిరి ఆడుతోంది. ఇంకొంచెం ఆలస్యమైతే లేదట. పాయింటర్‌లోని చిప్ చెక్కుచెదరలేదు. ఎడమ అంచు కూడా.

ఆ సాయంత్రం హేమావతి మూకండపల్లి స్టాపులో దిగింది. మంజులమ్మ వాకిట్లో నిలబడి, పని ముగిసిందా అని అడిగింది. ముగిసిందమ్మా అనబోతుండగా ఫోన్ మోగింది. ప్రొఫెసర్ కేశవప్ప. ఎప్పటిలాగే నీళ్లు నమిలాడు. బయటి పరీక్షకుడు అరెస్టయినందువల్ల వైవా చెల్లదని రిజిస్ట్రార్ తేల్చేశాడట. మళ్లీ పెట్టాలట.

“బాగా చదువుకోని రామ్మా,” అన్నాడాయన. “ఈ తూరి వచ్చేది నిజమైన ఫిజిక్స్ ప్రొఫెసరు.”