గ్లౌజులు తప్ప అన్నీ

సుమ వెళ్ళేలోపు ఇంట్లో కావలసిన పనులు:

చీలమండ దాటి పైకి వచ్చే సాక్సులు, మూడు జతలు. మరీ మందం వద్దు.
ఒంటిని అంటుకుని సాగే ప్యాంట్లు రెండు. జీన్సు వద్దు, తడిస్తే ఆరదు.
పలచటి ఫుల్‌హ్యాండ్ టీషర్టు, దానిమీద స్వెట్టరు, ఆపైన జిప్పు జాకెట్టు. ఒళ్ళు వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే తీసేయడానికి.
చున్నీ, మఫ్లరు, వేలాడే గొలుసు వద్దు. జుట్టు గట్టిగా అల్లాలి.
హెల్మెట్టు, మోకాలి ప్యాడ్లు ఉన్నవే చాలు.
గ్లౌజులు. తప్పనిసరి.
గోళ్ళు తీసుకోవాలి.
నాన్న సంతకం.

పాత క్యాలెండరు కాగితం వెనక సుమ ఈ జాబితా రాసి ఫ్రిజ్‌కు అంటించి వారం దాటింది. కోచ్ వీరేంద్ర సార్ హిందీలో చెప్పినదాన్ని అమ్మ కోసం తెలుగులో రాసింది. శనివారం పొద్దునకి అన్నింటికీ టిక్కు పడింది. గ్లౌజులకు, సంతకానికి పడలేదు. ఫారం సోమవారం ఇచ్చేయాలి.

పోర్ట్‌బ్లెయిర్ శివారు గరాచర్మలో వాళ్ళు ఇల్లు కట్టుకుని నాలుగేళ్ళయింది. సుమ నాన్న గోపినాథ్ ఊళ్ళో ప్రభుత్వాఫీసులో క్లర్కు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. తండ్రి జోగులు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాడు. కొన్నాళ్ళు సముద్రం మీద వేటకి వెళ్ళాడు, తరవాత చేపల రేవు దగ్గర ఐస్ ప్లాంటులో చేరి మంచు దిమ్మలు లాగాడు. ఆయన ఎడమచేతికి చిటికెనవేలు, ఉంగరంవేలు లేవు. ఆ ఇంట్లో దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. గోడకున్న పాత మరకలాగే ఆ చెయ్యీ వాళ్ళకు అలవాటైపోయింది.

సుమకు పద్నాలుగేళ్ళు. మూడేళ్ళుగా చక్రాల స్కేటింగు చేస్తోంది. ఇప్పుడు మెయిన్‌లాండ్‌లో, పెద్ద హాల్లో నేలంతా మంచు గట్టించిన రింకులో పన్నెండు రోజుల శిక్షణకి ద్వీపాల నుంచి ఇద్దరిని ఎంపిక చేశారు. ఆ ఇద్దరిలో సుమ ఒకతె. ఎండాకాలం, వానాకాలం తప్ప మూడో కాలం ఎరగని ఊళ్ళో స్వెట్టరు సంపాదించడం మాటలు కాదు. ఎల్‌టీసీలో కాశ్మీరు చూసొచ్చిన పక్కింటి కనకలక్ష్మి బీరువా తెరిచి స్వెట్టరూ జాకెట్టూ రెండూ ఇచ్చింది. "నేను వేసుకున్నది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ హోటల్ గదిలోంచి బయటికి రాలేదు. కనీసం నీ ఒంటిమీదైనా మంచు చూస్తుందమ్మా" అంది.

సాక్సుల దగ్గర జోగులు కలగజేసుకున్నాడు. సుమ రెండు జతలు ఒకదానిమీద ఒకటి వేసుకుని చూస్తోంది.

"ఒలే, రెండెందుకే?"

"చలి తాతా! డబుల్ వేసుకుంటే పక్కా గరమ్ ఉంటుంది."

"బూటులో కాలు ఆడుద్ది. ఆడిన సోట బొబ్బ లేస్తాది. నానిన్నేళ్ళు గమ్‌బూటు ఏసినాను, నాకు సెప్తావేటి? ఒక్కటేసుకో, బిర్రుగా కట్టుకో. రెండోది సంచీలో ఎట్టుకో. మొదటిది తడిస్తే మార్సుకో. తడి కాలుకే సలి."

సుమ ఫోను తీసి కోచ్ పంపిన సందేశం మళ్ళీ విన్నది. అక్షరం పొల్లుపోకుండా అదే మాట ఉంది. "అరే తాతా, నువ్వు రింకు చూడకుండానే సార్ అయిపోయావు!" అని నవ్వింది.

పేపరు చదువుతున్న గోపినాథ్ తలెత్తలేదు. కానీ అతను చదువుతున్న పేజీ అరగంట నుంచీ తిరగలేదు.

టిఫిను పళ్ళేలు తీస్తూ శ్రీలక్ష్మి అడిగింది. "ఏవండీ, ఇవాళ సెలవేగా. అబర్డీన్ బజారుకు వెళ్ళి ఆ గ్లౌజులేవో తెచ్చేయకూడదూ?"

"చెప్పాను కదా, దొరకడం లేదని. ఈ ఊళ్ళో గ్లౌజులెవడు అమ్ముతాడు?"

"మూడు రోజుల నుంచీ అదే మాట."

"దొరక్కపోతే మూడు రోజులైనా అదే మాట, ముప్ఫై రోజులైనా అదే మాట."

శ్రీలక్ష్మి పళ్ళేలు కింద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. అరవడం ఆమె అలవాటు కాదు.

"రెయిన్‌కోట్ల షాపులో తలుపు పక్కనే వేలాడుతున్నాయి. నల్లవీ, నీలంవీ. నిన్న కూరగాయలకు వెళ్ళినప్పుడు నా కళ్ళతో చూశాను. షాపాయన నన్ను పలకరించి ఏమన్నాడో తెలుసా? 'దీదీ, భయ్యా మూడు రోజులుగా వస్తున్నారు. చేతిలోకి తీసుకుని చూస్తారు, మళ్ళీ తగిలించేసి వెళ్ళిపోతారు. సైజు కావాలా?' అన్నాడు."

గోపినాథ్ ముఖం ఎర్రబడింది. పేపరు మడిచాడు. మడిచినదాన్నే మళ్ళీ మడిచాడు.

"అయితే విను. సుమ వెళ్ళడం లేదు. నేను సంతకం పెట్టను."

అద్దం ముందు జడ అల్లుకుంటున్న సుమ చెయ్యి ఆగిపోయింది. "పప్పా! మజాక్ చేస్తున్నావా?"

"మజాకేమీ లేదు. చక్రాల మీద తిరుగుతున్నావు, తిరుగు. మంచు మీద వద్దు."

"క్యోం? మొత్తం ద్వీపాల్లో ఇద్దరు పప్పా, ఇద్దరే! ఫస్టు రోజే వద్దని చెప్పొచ్చుగా. జాకెట్టు అడుక్కొచ్చాక, క్లాసులో అందరికీ చెప్పేశాక ఇప్పుడు చెప్తావా? కారణం చెప్పు. ఒక్క కారణం."

అప్పుడు గోపినాథ్ ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఎవరూ చేయని పని చేశాడు. వరండాలో వలతాడు పేనుకుంటున్న తండ్రి వైపు వేలు చూపించాడు.

"కారణం కావాలా? తాత చెయ్యి చూడు. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నావుగా, ఎప్పుడైనా అడిగావా? అది మంచు చేసిన పని. మా నాన్న మంచు మీదే వేళ్ళు పోగొట్టుకున్నాడు. నా కూతురు డబ్బు కట్టి, ఆట పేరు చెప్పి అక్కడికే పోవాలా?"

తాడు పేనే చప్పుడు ఆగింది. జోగులు గుమ్మం పట్టుకుని లోపలికి వచ్చాడు. నడకలో తొందర లేదు. అడుగు పూర్తిగా ఎత్తకుండా, మోకాళ్ళు కాస్త వంచి నడుస్తాడు. మంచు నేల నేర్పిన నడక అది. పని మానేసి పదిహేనేళ్ళయినా వదల్లేదు.

"గోపీ, నా సెయ్యి అడ్డమెట్టకురా" అన్నాడు. "నా సెయ్యిని మంచేటీ సెయ్యలేదు. మంచు మీద ఎందరు పన్జేసినారు? అందరి సేతులకీ పదేసి ఏళ్ళూ ఉన్నాయి. ఆ పూట నా సేతికి గ్లౌజులు లేవు. అంతే."

ఫ్రిజ్ మీద కాగితం ఫ్యాను గాలికి లేచి పడుతోంది. గోపినాథ్ దానివైపే చూస్తున్నాడు. టిక్కు లేని 'గ్లౌజులు' అన్న మాట కళ్ళలో గుచ్చుకుంటోంది.

"గ్లౌజులు నేనే తీశాను నాన్నా" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు దాచుకున్న మాట అంత సులువుగా బయటికి వస్తుందని అతను అనుకోలేదు. వచ్చాక ఆగలేదు.

"ఓడ ఇంజిను గదిలో చేసే పైడిబాబు మావ నీకిచ్చిన తోలు గ్లౌజులు. మేకుకు తగిలించేవాడివి. వికెట్ కీపింగ్ చేయడానికి ఎవరి దగ్గరా గ్లౌజుల్లేవని ఆ మధ్యాహ్నం నేను తీసుకుపోయాను. సాయంత్రం వచ్చేసరికి ఇంటి ముందు జనం. నిన్ను ఆసుపత్రికి తీసుకుపోయారని చెప్పారు. కొక్కెం చేతిలో జారి, రెండు దిమ్మల మధ్య చెయ్యి పడిందన్నారు. గ్లౌజులు చొక్కాలో దాచి తెచ్చి మళ్ళీ మేకుకు తగిలించేశాను. ఎవరికీ చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు."

శ్రీలక్ష్మి గోడకు చేరబడిపోయింది. పెళ్ళయి పదహారేళ్ళు. టీవీలో క్రికెట్ వస్తుంటే భర్త లేచి ఎందుకు వెళ్ళిపోతాడో ఆమెకు ఇవాళ తెలిసింది.

జోగులు కుర్చీ లాక్కుని కొడుకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఎరుగుదును."

"ఏమిటి?"

"ఎరుగుదునురా. డూటీకి పోతా మైదానం పక్కనించే ఎల్లినాను. నువ్వు వికెట్ల యెనకాల వొంగున్నావు. నా గ్లౌజులు నీకు మోసేతుల దాకా వొచ్చినాయి. బంతి పక్కకి పోతంటే దూకి పట్టినావు. పిల్లలందరూ ఒకటే గోల. నువ్వు నవ్వినావు సూడు..." ముసలాయన ముఖం మీద ఆ నవ్వు కాసేపు నిలిచింది. "అడిగితే ఇచ్చేసుందువు. పిలవబోయి ఊరుకున్నాను. ఒక పూటే గదా, అనుకున్నాను."

"తెలిసి... ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదేం నాన్నా?"

"అంటే నువ్వింక బంతి ముట్టుకోవని. అనకపోయినా ముట్టుకోనేదు. ఆ మర్నాటి నించీ పుస్తకం తప్ప ఇంకోటి పట్టనేదు నువ్వు. ఊళ్ళో అందరూ జోగులు కొడుకు బుద్దిమంతుడన్నారు. నాను మాత్రం, ఆడు ఆట మానేసినాడు అనుకున్నాను. సేతి ఏళ్ళు రెండు పోయినాయని నానేనాడూ ఏడవనేదు. నీ ఆట పోయినాది సూడు, దానికి ఏడిసినాను. అప్పుడే సెప్పుంటే బావుణ్ను. తప్పు నాది."

గోపినాథ్ తండ్రి ఎడమచెయ్యి అందుకున్నాడు. వేళ్ళు లేని చోట చర్మం గట్టిపడి నున్నగా ఉంది. ఆ చోట అతను చెయ్యి వేయడం అదే మొదటిసారి. తల వంచి దానిమీద నుదురు ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి గాని శబ్దం లేదు.

"పోనీలేరా. ఏడుపాపు" అన్నాడు జోగులు. "పిల్లకి కొనీ. దీన్నీ బుద్దిమంతురాల్ని సేసేయకు."

సుమ ముక్కు ఎగబీల్చి, "తాతా, నేను ఆల్రెడీ బుద్ధిమంతురాలినే" అంది. పెద్దవాళ్ళు ముగ్గురూ కన్నీళ్ళతోనే నవ్వారు.

ఆ పూటే గోపినాథ్ కూతుర్ని బండి మీద ఎక్కించుకుని బజారుకు వెళ్ళాడు. రెయిన్‌కోట్ల షాపాయన ఏమీ అడగకుండా నాలుగు జతలు బల్లమీద పరిచాడు. గోపినాథ్ ఒక్కొక్కటీ తనే సుమ చేతికి తొడిగి, వేలు చివర్లు నొక్కి చూశాడు. వదులుగా ఉంటే పట్టు జారుతుంది, బిగుతుగా ఉంటే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. పది వేళ్ళూ రెండేసిసార్లు చూసి నీలంవి తీసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి జోగులు పెరట్లో పాచి పట్టిన సిమెంటు గచ్చు మీద నీళ్ళు పోసి, పక్కనే పాత పరుపు వేసి సిద్ధంగా ఉన్నాడు.

"నడవడం ఆనక. ముందు పడ్డం నేర్సుకో" అన్నాడు. "మోకాళ్ళు వంచు. కిందకి సూడకు, ఎదర సూడు. పడిపోతన్నావని తెలిస్తే బిగుసుకోకు, పక్కకి వాలిపో. పడ్డాక అరసెయ్యి నేల మీద పరవకు. పిడికిలి బిగించీ. యెనకాల వొచ్చీవోడికి ఇనపబద్ద ఉంటాది కాలికి, నీ సేతి ఏళ్ళ మీదికి వొస్తాది. ఏదీ, పిడికిలి?"

సుమ పిడికిలి బిగించింది. జోగులూ తన ఎడమచేతి మూడువేళ్ళతో పిడికిలి చేసి చూపించాడు.

పదిసార్లు పడి లేచాక సుమ ఆయాసపడుతూ అడిగింది. "తాతా, సచ్చీ చెప్పు. నీకు మంచంటే కోపం లేదా?"

"కోపమేటే? ఏప్రిల్ నెలలో కరెంటు పోయిందనుకో, పనాగిపోద్ది. మేనేజరు ఇంటికెల్లిపోయేవోడు. నానూ అప్పలరాముడూ గోనిసంచి ఒకటి కిందేసుకుని తొట్టి కాణ్ణించి తలుపు దాకా సర్రుమని జారీవోళ్ళం. బయటేమో నిప్పులు సెరిగే ఎండ. లోపల మేవిద్దరం సిన్నపిల్లల్లాగ. పడ్డ పెతీసారీ నవ్వీవోళ్ళం. నవ్వినోడికి దెబ్బ తక్కువ తగుల్తాది, రాసిపెట్టుకో."

పెరటి గుమ్మంలో నిలబడిన గోపినాథ్‌కు ఆ సంగతి తెలియదు. తండ్రి జీవితంలో ఐస్ ప్లాంటంటే ఒక్క సాయంత్రమే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అంతకుముందూ తరవాతా అన్నేళ్ళున్నాయని, వాటిలో నవ్వులు కూడా ఉన్నాయని అతనికి తట్టనే లేదు. లోపలికి వెళ్ళి ఫారం మీద సంతకం పెట్టాడు. ఫ్రిజ్ మీద కాగితానికి మిగిలిన రెండు టిక్కులూ కొట్టి, సుమ అక్షరాల కింద ఇంకో వాక్యం రాశాడు: పడితే నవ్వాలి.

శిక్షణ నాలుగో రోజున సుమ రింకు నుంచే వీడియో కాల్ చేసింది. జుట్టు గట్టిగా అల్లి ఉంది. కనకలక్ష్మి జాకెట్టు అప్పటికే విప్పి నడుముకు కట్టుకుంది. మొదటి గంట అందరూ గోడ పట్టుకుని నడిచారట. తను వదిలేసిందట. పదకొండుసార్లు పడిందట. "సార్ అడిగారు తాతా, పడ్డం ఇంత బాగా ఎవరు నేర్పారని" అంటూనే ఫోను స్నేహితురాలికిచ్చి, చేతులు రెండు వైపులా చాచి వెళ్ళిపోయింది. తెల్లటి నేల మీద నీలం గ్లౌజులు రెండూ చిన్నవై, మలుపు తిరిగి, మళ్ళీ పెద్దవయ్యాయి.

జోగులు ఫోనును ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఎంత నున్నగున్నాదిరా గోపీ" అన్నాడు. "మా ప్లాంటులో ఇంత నున్నన నేదు." కాల్ ఆగిపోయాక కూడా ఫోను వెంటనే తిరిగివ్వలేదు.

ఇప్పుడు సాయంత్రాల్లో గరాచర్మ మైదానంలో కాలనీ పిల్లల వికెట్ల వెనక బట్టతల గుమాస్తా ఒకాయన వంగుని నిలబడతాడు. బంతులు చాలావరకు వదిలేస్తాడు. గట్టు మీద ఒక ముసలాయన కూర్చుని చూస్తాడు.

మీ పిల్లలెవరైనా మంచు మీద ఆడుకోవడానికి వెళితే, సాక్సులు సర్ది, జుట్టు బిగించి, చేతికి గ్లౌజులు తొడిగే ఆ ఒక్క నిమిషం జోగులును తలచుకోండి. ఆయన అడగడు. అడిగి తీసుకోవడం ఆయనకు ఆనాడూ చేతకాలేదు.