ఎడమవైపు కూర్చున్న రోజు

"ఈ లైట్లు పెట్టినవాడికి ఆకలి వేయదనుకుంటా. మెనూలో ఒక్క అక్షరం కనబడితే ఒట్టు."

పశువుల డాక్టరు ఆ మాట అక్కతో అంది. పక్క టేబుల్ దగ్గర ఒంటరిగా తింటున్న అబ్బాయి తినడం ఆపి తల తిప్పాడు.

ఊళ్ళో అందరూ చెప్పుకునే ఖరీదైన మెక్సికన్ రెస్టారెంట్ అది. టేబుల్ దొరకాలంటే వారాల ముందే ఫోన్ చేయాలి. గోడలకి నీలం పలకలు, పొడుగాటి పాలరాతి కౌంటరు, అడుగుల చప్పుడు కూడా వినబడనివ్వని వెయిటర్లు. అక్క పుట్టినరోజని అక్కాచెల్లెళ్ళిద్దరే వచ్చారు. పిల్లల్ని చూసుకుంటానని బావ ఇంట్లో ఉండిపోయాడు.

ఆ అబ్బాయి లేచి వచ్చి, వాళ్ళ టేబుల్ పక్కన గోడకున్న చిన్న మీట తిప్పాడు. వెలుతురు కాస్త పెరిగింది. ఇప్పుడు కనబడుతోందా అని అడిగాడు. కనబడుతోందని చెప్పి, మీరు ఇక్కడే పనిచేస్తారా అని అడిగింది డాక్టరు.

"లేదండీ. ఆ ఆకలి వేయనివాణ్ణి నేనే."

అక్కకి తాగుతున్న నీళ్ళు పొలమారాయి. డాక్టరు మొహం ఎర్రబడింది. ఆ మసక వెలుతురు మీద ఆమెకి మొదటిసారి కృతజ్ఞత కలిగింది.

వెలుతురు తక్కువైతే మనుషులు మాట్లాడటానికి ఒకరివైపు ఒకరు వంగుతారని, యజమాని అడిగింది అదేనని అతను సంజాయిషీ చెప్పుకున్నాడు. మీరూ మాతో కూర్చోండి బాబూ అంది అక్క, చెల్లెలు కాలితో తంతున్నా పట్టించుకోకుండా. అతను కుర్చీలన్నీ ఒకసారి చూసి, అక్కని కొంచెం జరగమని, డాక్టరు తనకి కుడిపక్కన ఉండేలా కూర్చున్నాడు. వెయిటరు రాతి రోలు తెచ్చి వాళ్ళ ముందే అవకాడో నూరి గ్వాకమోలే చేస్తుంటే ముగ్గురూ మాటలు మానేసి చూశారు. ఇంటికెళ్ళే దారి పొడుగునా అక్క 'లైట్లబ్బాయి' గురించే మాట్లాడింది.

డాక్టరు క్లినిక్‌లో ఆపరేషన్ బల్ల మీద దీపం నీడలు పడేస్తోందని ఆ రాత్రి మాటల్లో తెలిసి, అతను ఆ వారమే వచ్చి సరిచేశాడు. ఆ తర్వాత ఏ దీపమూ పాడవకపోయినా వస్తూనే ఉన్నాడు. సాయంత్రాలు నడిచేవారు. వాన వస్తే ఒకే గొడుగు. ఎటు తిరిగినా ఆమెకి ఎడమపక్కకే వచ్చి చేరేవాడు. వాహనాలు అటునుంచి వస్తాయి కాబట్టి మర్యాదేమో అనుకుంది మొదట్లో. ఇటునుంచి వచ్చినా అంతే. నీడలాగా ఎప్పుడూ ఒకే వైపేంటి మీరు అని ఏడిపిస్తే, నవ్వేసి మాట మార్చేవాడు.

మనసులో మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ బయటపెట్టలేదు. అంతలో నాన్న ఒక సంబంధం తెచ్చారు. ఆయన కోర్టు గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి, మాట తక్కువ. స్నేహితుడి కొడుకట, మంచివాడట. ఆదివారం లోపల ఏదో ఒకటి చెప్పమన్నారు.

శుక్రవారం సాయంత్రం డాక్టరు అతన్ని ఆ రెస్టారెంట్‌కే పిలిచింది. టేబుల్స్ ఖాళీ లేవు. కౌంటరు చివర గోడ పక్కన స్టూలు దొరికితే కూర్చుంది. ఆమె పక్కన మిగిలింది ఒక్కటే. అతను వచ్చి దాన్ని చూసి ఒక క్షణం తటపటాయించాడు. మనం చోట్లు మార్చుకుందామా అని అడిగాడు. చెప్పాల్సిన మాట మనసులో కూడబలుక్కుంటున్న ఆమె, వద్దు, ఇక్కడ బాగుంది అంది. అతను కూర్చున్నాడు. ఆమె అతనికి ఎడమవైపు పడింది.

ఒకపక్క బాకాల సంగీతం, ఒకపక్క పొయ్యి మీద మాంసం చుయ్యిమంటున్న చప్పుడు, ఇంకోపక్క ఐసు గిలకొడుతున్న గోల. అతని మొహం చూస్తే నోరు పెగలదని ఆమె ప్లేటువైపే చూస్తూ మాట్లాడింది.

"నాన్న సంబంధం చూశారు. నాకు మాత్రం మీతో ఉండాలని ఉంది. మీకూ అలాగే ఉంటే ఇప్పుడే చెప్పండి."

అప్పుడు తలెత్తి చూసింది. అతను వంటవాడి చేతుల్లో రొట్టె తిరగడం చూస్తున్నాడు. ఆమె చూపు తగిలి ఇటు తిరిగి, చల్లగా నవ్వాడు.

"ఇంకొన్ని చిప్స్ చెప్పనా?"

ఆమె ప్లేటు పక్కకి జరిపింది. తర్వాత క్లినిక్ నుంచి ఫోనొచ్చిందని అబద్ధం చెప్పి లేచిపోయింది. ఆ పైన అతని ఫోన్లు ఎత్తలేదు. ఆదివారం నాన్న అడిగితే, మీ ఇష్టం నాన్నా అంది. ఆయన కూతురి మొహంలోకి ఒకసారి చూసి, స్నేహితుడికి కబురు పంపకుండానే ఊరుకున్నారు.

సోమవారం ఒక పెద్దావిడ తెల్ల కుక్కపిల్లని తీసుకొచ్చింది. మహా మొండిది, పిలిస్తే రాదు, ఎటో చూస్తుంది అని దాని మీద ఫిర్యాదు. డాక్టరు దాని వెనక నిలబడి కుడివైపు చిటిక వేసింది. కుక్కపిల్ల కుడివైపే చూసింది. ఎడమవైపు వేసింది. మళ్ళీ కుడివైపే వెతుక్కుంది.

డాక్టరు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. రోడ్డు మీద వెనకనుంచి ఎటువైపు నిలబడి పిలిచినా, అతనూ ఇలాగే కుడివైపే వెతుక్కునేవాడు.

"దీనిది మొండితనం కాదమ్మా. ఎడమ చెవి వినబడటం లేదు. తిట్టకండి," అంది.

మధ్యాహ్నం అతని వర్క్‌షాపుకి వెళ్ళింది. అతను బల్ల ముందు వంగి ఇత్తడి దీపానికి తీగలు కలుపుతున్నాడు. ఎడమవైపు నిలబడి మెల్లగా, నేనొచ్చాను అంది. అతను పని చేసుకుంటూనే ఉన్నాడు. చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చి అదే మాట అంతే మెల్లగా అంది. అతను ఉలిక్కిపడి లేచాడు. ఆమె మొహం చూడగానే, తెలిసిపోయిందని అతనికి అర్థమైంది.

చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయని, జ్వరంతో పాటు ఆ చెవి కూడా పోయిందని చెప్పాడు. నాతో ఎందుకు చెప్పలేదని అడిగింది.

"చెప్పిన రోజునుంచీ అందరూ నాతో అరిచి మాట్లాడతారు. మీరు మామూలుగా మాట్లాడుతున్నారు కదా. ఇంకొన్నాళ్ళు అలాగే ఉండనిద్దాం అనిపించింది." తర్వాత అడిగాడు. "శుక్రవారం మీరేదో అన్నట్టున్నారు, నాకు వినబడలేదు. ఏమిటది?"

ఒకసారి అనడానికే ప్రాణం మీదికొచ్చింది అని గొణుక్కుంటూ, ఆమె అతని కుడిపక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అదే మాట మళ్ళీ చెప్పింది, ఈసారి కళ్ళలోకి చూస్తూ.

అతని చేతిలో తీగ కింద పడింది.

"ఈ మాటకా నేను చిప్స్ చెప్పనా అన్నాను?"

"ఊఁ."

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది. అప్పుడు చెప్పాడు అతను. ఆపరేషన్ దీపం సరిచేయడానికి వచ్చిన రోజు, ఒక ముసలి పిల్లికి మత్తు దిగేదాకా ఆమె దాని మీంచి చెయ్యి తీయకుండా కూర్చుందట. అప్పుడే అనుకున్నాడట, జీవితమంటూ ఉంటే ఈ మనిషితోనే అని.

ఆ సాయంత్రమే నాన్నకి అంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, అబ్బాయిని చూడాలి అన్నారు, అంతే. అక్క ఎవరెవరినో బతిమాలి ఆ మెక్సికన్ రెస్టారెంట్‌లోనే టేబుల్ సంపాదించింది.

అతను కూర్చోకముందే తన చెవి సంగతి నాన్నతో చెప్పేశాడు. నాన్న విన్నారు, తలూపారు. పని గురించి, తల్లి గురించి ఒకటి రెండు ప్రశ్నలు అడిగి తిండిలో పడ్డారు. కూరిన మొక్కజొన్న రొట్టె మడత, టాకో, ఆయన చేతుల్లోనే విడిపోయి చొక్కా కఫ్ మీద పడింది. అందరూ చూడనట్టు నటించారు. అతను మాత్రం తనది తీసి, వంచాల్సింది దాన్ని కాదండీ, మన తలని అని చేసి చూపించాడు. నాన్న మారుమాట లేకుండా తల పక్కకి వంచి కొరికారు. చాలాసేపు నమిలారు.

నాన్న ప్లేటులోంచి తలెత్తకుండానే అన్నారు.

"ఆ నిమ్మచెక్క ఇలా అందుకో అల్లుడూ."

అక్క చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. అతను గిన్నెతో సహా నిమ్మచెక్కలన్నీ ఆయన ముందు పెట్టేశాడు. నాన్న అది గమనించనట్టే నిమ్మచెక్క పిండుకుని, రెండో టాకో చేతిలోకి తీసుకున్నారు.